అద్దాలు పెడితే నిలబడే మెల్లకన్నుకు ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నానంటే

ఆదోని నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న, క్లుప్తంగా:

పాపకు నాలుగేళ్లు. మూడు నెలల కిందట జ్వరం వచ్చి తగ్గాక కుడి కన్ను ముక్కు వైపు పోవడం మొదలైంది. కర్నూలులో కంటి ఆసుపత్రిలో చూపిస్తే మూడు రోజులు కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టించి, పరీక్ష చేసి, కుడి కంటికి ప్లస్ 5.50, ఎడమ కంటికి ప్లస్ 4.50 అద్దాలు రాశారు. అద్దాలతో కుడి కన్ను చూపు 6/24 (అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచే చదవగలదు), ఎడమది 6/9. బాగున్న ఎడమ కన్ను మీద రోజుకు రెండు గంటలు ప్యాచ్ వేయమన్నారు. అద్దాలు పెడితే కన్ను తిన్నగా ఉంటోంది, తీస్తే మునుపటికంటే ఎక్కువగా లోపలికి పోతోంది. భర్త హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయిద్దాం అంటున్నారు. అత్తగారు మెల్లకన్ను అదృష్టం, జోలికి పోవద్దు అంటున్నారు. అద్దాల షాపతను ఇంత చిన్న పాపకు ఇంత పవరా, సగానికి తగ్గించి ఇస్తానన్నాడట. చివర్లో ఒక్క వాక్యం: షుగర్ ఉన్న మా బావగారికి కూడా రెండు రోజులుగా ఒక కన్ను లోపలికి లాగినట్టుంది, అన్నీ రెండుగా కనపడుతున్నాయట, ఇది మా ఇంటి వంశమా?

అమ్మా, నేను పిల్లల కంటి విభాగంలో చాలా ఏళ్లుగా చూపు పరీక్షలు చేస్తున్న ఆప్టోమెట్రిస్ట్‌ను. ఆపరేషన్ చేసే డాక్టర్ని కాను. మందులు, ఆపరేషన్ల విషయంలో చివరి మాట మీ డాక్టర్‌దే. మీరు చివర్లో రాసిన దానితో మొదలుపెడతాను, ఎందుకంటే తొందర అక్కడే ఉంది.

మీ బావగారిది మీ పాప జబ్బు కాదు. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి కన్ను పక్కకు పోయి, ఒక మనిషి ఇద్దరుగా కనపడితే అది వంశం కాదు, కంటి కండరానికి వెళ్లే నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఆ నరానికి రక్తం అందించే సన్నని నాళం మూసుకుపోయి ఇలా జరగడం మేం తరచూ చూస్తాం. కన్నును బయటి వైపు తిప్పే ఆరో నరం పడిపోతే కన్ను లోపలికి లాగేస్తుంది, బొమ్మలు పక్కపక్కన రెండు కనపడతాయి. షుగర్ వల్ల వచ్చినదైతే చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. కానీ అది షుగర్ వల్లే అని ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఈరోజే ఆసుపత్రికి పంపండి. పై రెప్ప వాలిపోయినా, ఆ కంటి నల్లపాప రెండోదానికంటే పెద్దదిగా కనపడినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నా, మూతి వంకర, మాట తడబాటు, చేయి కాలు బలహీనత ఏది తోడైనా ఒక్క గంట కూడా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. మెదడులో రక్తనాళం ఉబ్బినా, పక్షవాతం వస్తున్నా ఇలాగే మొదలవుతుంది. ఏమీ తోడవకపోయినా ఆయన బండి నడపకూడదు. రెండు బొమ్మల్లో ఏది నిజమైన లారీయో తెలియక ప్రమాదం అవుతుంది. తాత్కాలికంగా ఒక కంటి మీద చిన్న గుడ్డ కట్టుకుంటే రెండో బొమ్మ పోతుంది. ఆరు నెలలైనా సర్దుకోకపోతే అప్పుడు రెండు బొమ్మలను ఒకటిగా కలిపే ప్రిజం అద్దాలు, ఇంజెక్షన్, ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఇప్పుడు పాప సంగతి. మీ బావగారికి కన్ను పక్కకు పోతే రెండు బొమ్మలు కనపడ్డాయి. పాప కన్ను కూడా పక్కకే పోయింది, మరి పాప ఒక్కసారైనా అమ్మా రెండు కనపడుతున్నాయి అందా? పెద్దవాళ్ల మెదడు రెండు బొమ్మలూ తీసుకుని తికమక పడుతుంది. పసిపిల్లల మెదడు అలా కాదు, పక్కకు పోయిన కంటి నుంచి వచ్చే బొమ్మను మూసేస్తుంది. అందుకే పాపకు ఇబ్బంది ఏమీ లేదు, ఆడుకుంటుంది, తింటుంది. కానీ వాడకం లేని ఆ కన్నుకు చూపు నేర్చుకునే అవకాశం పోతుంది. దాన్నే లేజీ ఐ అంటాం, డాక్టర్లు ఆంబ్లియోపియా అని రాస్తారు. మీ పాప కుడి కన్నుకు అద్దాలు పెట్టినా 6/24 దగ్గర ఆగిందంటే ఇదే కారణం. మెదడు ఆ కన్నును పట్టించుకోవడం మానేసింది.

కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా కన్ను తిన్నగా ఉందా లేదా అన్న దాని మీద నడుస్తోంది. అసలు నష్టం చూపులో జరుగుతోంది. కన్ను తిన్నగా కనపడటం ఒక పని, ఆ కన్నుకు చూపు రావడం ఇంకో పని. ఆపరేషన్ మొదటిది చేస్తుంది, రెండోది చేయదు. నలభై ఏళ్ల వయసులో కూడా కన్నును తిన్నగా చేయవచ్చు. పోయిన చూపును తేవడం మాత్రం ఏడేళ్ల లోపల బాగా సాధ్యం, ఆ తర్వాత పన్నెండు, పదమూడేళ్ల దాకా ఎంతో కొంత వస్తుంది, అక్కడి నుంచి కష్టమవుతూ పోతుంది. మీ పాపకు నాలుగేళ్లే. మంచి వయసులోనే పట్టుకున్నారు.

అద్దాలు పెడితే కన్ను తిన్నగా ఉంటోందని రాశారే, మీరు రాసిన వాటన్నిటిలో నాకు సంతోషం కలిగించిన మాట అది. దాన్ని బట్టి ఇది ఏ రకం మెల్లకన్నో తెలిసిపోతోంది. పాపకు ప్లస్ పవర్ ఎక్కువ. అంటే కనుగుడ్డు పొడవు కొంచెం తక్కువ, బొమ్మ సరిగ్గా పడాలంటే కంటి లోపలి కటకం ఎప్పుడూ బిగుసుకుని పనిచేయాలి. మనం దగ్గరి అక్షరాలు చూసేటప్పుడు ఆ బిగువు వస్తుంది, దానితో పాటే రెండు కళ్లూ ముక్కు వైపు కొద్దిగా తిరుగుతాయి. ఈ రెండు పనులూ మెదడులో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పాపకు దూరం చూడటానికి కూడా బిగువు కావాలి, దగ్గర చూడటానికి ఇంకా ఎక్కువ కావాలి. బిగువు ఎక్కువయ్యే కొద్దీ కళ్లు లోపలికి తిరగడం ఎక్కువవుతుంది, చివరికి ఒక కన్ను మరీ లోపలికి పోతుంది. అన్నం తినేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు ఎక్కువగా కనపడేది ఇందుకే. ప్లస్ అద్దం ఆ బిగువు పనిని తాను చేసి పెడుతుంది, కన్ను తిరగాల్సిన అవసరం పోతుంది.

తీస్తే ఎక్కువవుతోందని టెన్షన్ పడుతున్నారు. అద్దాలు కన్నును పాడుచేయలేదు. ఇదివరకు పాప మసకతో సర్దుకుపోయేది. ఇప్పుడు స్పష్టంగా చూడటం అలవాటైంది, అద్దాలు తీయగానే అదే స్పష్టత కోసం కళ్లను గట్టిగా బిగిస్తుంది, కన్ను మరింత లోపలికి పోతుంది. పైగా తిన్నగా ఉన్న కన్నును చూసిన మీ కళ్లకు తేడా పెద్దదిగా కనపడుతుంది. ఈ ఒక్క భయంతో అద్దాలు మానిపించిన ఇళ్లు నాకు చాలా తెలుసు. స్నానానికి, నిద్రకు తప్ప తీయకూడదు.

జ్వరం మాట కూడా చెప్పాలి. జ్వరం తర్వాత, కింద పడ్డాక, భయపడ్డాక మెల్ల వచ్చిందని మన దగ్గర ప్రతి రెండో తల్లీ చెబుతుంది. ప్లస్ పవర్ పుట్టుక నుంచే ఉంది. పాప ఇన్నాళ్లూ శక్తి కూడగట్టి రెండు కళ్లనూ పట్టి ఉంచింది, జ్వరంలో ఆ పట్టు తప్పింది. ఈ రకం మెల్ల ఎక్కువగా రెండు, మూడేళ్ల వయసులో బయటపడుతుంది, దగ్గరి వస్తువుల మీద ఆసక్తి పెరిగే వయసది. కాకపోతే ఎవరి పిల్లలకైనా కొత్తగా మెల్ల వచ్చి, దానితో పాటు పొద్దున్నే వాంతులు, తలనొప్పి, నడక తూలడం ఉంటే అది వేరే సంగతి. మెదడును పరీక్షించాలి.

షాపతను సగం పవర్ ఇస్తానన్న సంగతి. ఇవ్వనివ్వకండి. ఈ రకం మెల్లకు సగం పవర్ అంటే సగం మెల్ల మిగిలినట్టే. ఆయన పెద్దవాళ్ల అలవాటుతో మంచి మనసుతోనే అని ఉంటాడు. కంప్యూటర్ మెషిన్‌లో తల పెట్టించి చూస్తే పిల్లల ప్లస్ పవర్ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే పిల్లలు ఆ క్షణంలో కూడా కన్నును బిగించే ఉంచుతారు. ఆ బిగువు పూర్తిగా వదలడానికే మీకు మూడు రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టించారు. అది వేసిన తర్వాత వచ్చిన లెక్కే నిజమైన లెక్క. దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు, నల్లపాప పెద్దదిగా ఉండి పాప ఎండకు ముడుచుకుపోతుంది. మన కర్నూలు ఎండల్లో ఇది చిన్న విషయం కాదు, టోపీ పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా అదే మందు వేయమంటే బియ్యపు గింజంత చాలు, కంటి చుట్టూ అంటినది తుడిచేయండి. ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరు ఎండిపోతుంటే మందు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ట్యూబ్ పిల్లలకు అందని చోట పెట్టండి.

ఫ్రేమ్ గురించి రెండు మాటలు. అందంగా చిన్న ఫ్రేమ్ తీసుకుంటే పాప పైనుంచి తొంగి చూస్తుంది, అద్దాలు పెట్టీ పెట్టనట్టే. కనుబొమల దాకా కప్పే, వంగినా విరగని ప్లాస్టిక్ ఫ్రేమ్, తల వెనక సాగే పట్టీ ఉన్నది తీసుకోండి. లెన్స్ పాలికార్బనేట్ అయితే పగిలి కంట్లో గుచ్చుకోదు. మొదటి రెండు, మూడు వారాలు దూరం కొద్దిగా మసకగా ఉందని పాప మారాం చేయవచ్చు, కళ్లు బిగువు వదిలే దాకా అంతే. నెల దాటినా పైనుంచే చూస్తుంటే డాక్టర్‌కు చెప్పండి.

ఇక ప్యాచ్. మీరు దీని గురించి ఒక్క లైనే రాశారు, నేను ఎక్కువ రాయబోతున్నాను, ఎందుకంటే చాలా ఇళ్లలో వైద్యం ఇక్కడే చెడిపోతుంది.

బాగున్న కన్నును ఎందుకు మూయాలి అని జేజిలు కోప్పడతారు. జత ఎద్దుల్లో ఒకటి బలంగా లాగుతుంటే రెండోది కాడి కింద ఊరికే నడుస్తుంది కదా, బలమైనదాన్ని కాసేపు విప్పితేనే రెండోది లాగుతుంది. అంతే ఇందులో ఉన్నది. ప్యాచ్ మెల్లను సరిచేయదు, చూపును పెంచుతుంది. రెండు గంటలేనా, పక్కింటివాళ్ల బాబుకు రోజంతా వేస్తున్నారే అని మీకు అనుమానం రావచ్చు. మీ పాపలాంటి మధ్యస్థ లేజీ ఐకి రోజుకు రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా నాలుగు నెలల తర్వాత ఫలితం దాదాపు ఒకటేనని 2003లో అమెరికాలో ఏడేళ్లలోపు పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. చూపు ఇంకా తక్కువగా ఉన్న పిల్లలకు ఆరు గంటలు రాస్తారు. పక్కింటి బాబు చీటీ మీ పాపకు పనికిరాదు. ఎక్కువ వేస్తే త్వరగా వస్తుందని సొంతంగా పెంచితే బాగున్న కన్నే మందగించే ప్రమాదం ఉంది. అందుకే రివ్యూ తప్పకూడదంటారు.

ప్యాచ్ చర్మం మీద అంటించాలి, దాని మీద అద్దాలు పెట్టాలి. అద్దానికి గుడ్డ కట్టడం, కాగితం అంటించడం చేస్తే నాలుగేళ్ల పిల్ల పక్క సందులోంచి చూడటం రెండు నిమిషాల్లో నేర్చుకుంటుంది. మే నెలలో మన దగ్గర చెమటకు ప్యాచ్ ఊడిపోతుంది, చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ముఖం కడిగి పొడిగా తుడిచి వేయండి. తీసేటప్పుడు తడి గుడ్డతో అంచులు నానబెట్టి తీయండి, పీకితే మరుసటి రోజు దగ్గరికి రాదు. దద్దుర్లు వస్తే రెండు రోజులు ఆపి, వేరే కంపెనీ ప్యాచ్ ప్రయత్నించండి. అయినా కుదరకపోతే బాగున్న కంట్లో అట్రోపిన్ చుక్క వేసి దాన్ని మసకబార్చే పద్ధతి ఉంది, అదీ ప్యాచ్‌కు దీటుగానే పనిచేస్తుంది. డాక్టర్‌ను అడగండి, మీరే మొదలుపెట్టకండి.

ఆ రెండు గంటలూ పాప ఏం చేస్తుందన్నది కూడా చూసుకోండి. టీవీ ముందు కూర్చోబెడితే ఏదో కాస్త పని జరుగుతుంది. దగ్గరగా, చిన్న వస్తువులతో, చేతులతో చేసే పనైతే కుడి కన్ను కుదురుగా పనిచేస్తుంది. బుడ్డలు ఒలిపించండి, విత్తనాలు గిన్నెలో వేయిస్తూ లెక్కపెట్టించండి, నోట్లో పోసుకోకుండా పక్కన ఎవరైనా ఉండాలి. కందిపప్పులో మట్టిబెడ్డలు ఏరించండి. పూసలు దారానికి గుచ్చడం, చుక్కలు కలిపి ముగ్గు గీయడం, బొమ్మల్లో రంగులు నింపడం, ఏదైనా సరే. మొదటి వారం ఏడుస్తుంది, ఎందుకంటే నిజంగానే సరిగా కనపడదు. ఆ సమయంలో మెట్లు, వీధి, పొయ్యి దగ్గరికి వదలొద్దు. మీ అత్తగారిని ఈ పనిలో కలుపుకోండి. ప్యాచ్ వేసిన రెండు గంటలూ జేజి కథ చెప్పే సమయం అని పెడితే పాపకూ ఆశ ఉంటుంది, ఆవిడకూ ఈ వైద్యం మీద పగ పోతుంది. అంగన్‌వాడీ టీచర్‌కు చీటీ చూపించి చెప్పి ఉంచండి, లేకపోతే పాపం అని ఆవిడే ప్యాచ్ తీసేస్తుంది.

చూపు సరిపడా పెరిగాక ప్యాచ్ ఒక్కసారిగా ఆపరు, సమయం తగ్గించుకుంటూ వస్తారు. ఆపాక ఏడాదిలోపు దాదాపు నాలుగో వంతు పిల్లల్లో చూపు మళ్లీ కొంత జారుతుంది. కాబట్టి బాగైంది కదా అని తర్వాతి రివ్యూలు మానొద్దు.

ఆపరేషన్ గురించి మీ భర్త అడిగినదానికి నా జవాబు శీర్షికలోనే ఉంది. అద్దాలతో కళ్లు పూర్తిగా తిన్నగా నిలబడే పాపకు ఆపరేషన్ చేస్తే పవర్ పోదు. అద్దాలు ఎలాగూ పెట్టుకోవాలి, పెట్టుకోగానే కన్ను ఈసారి బయటి వైపు పోవచ్చు. పూర్తి పవర్ అద్దాలు కొన్ని నెలలు వాడిన తర్వాత కూడా ఇంకా కొంత లోపలికి పోతుంటే, ఆ మిగిలిన భాగానికి మాత్రమే ఆపరేషన్ చేస్తారు. దగ్గర చూసేటప్పుడు మాత్రమే పోతుంటే రెండు పవర్ల అద్దాలు, అంటే బైఫోకల్, రాసే పద్ధతి కూడా ఉంది.

అన్ని మెల్లకన్నులకూ ఈ మాట వర్తించదు. ఆరు నెలలలోపే వచ్చి, పెద్ద కోణంలో లోపలికి నిలిచిపోయిన కన్నుకు అద్దాలతో పని జరగదు, రెండేళ్లలోపు ఆపరేషన్ చేయడమే మేలంటారు. ఇంకో రకం ఉంది, కన్ను బయటికి పోతుంది, అదీ అప్పుడప్పుడు. అలసిపోయినప్పుడు, పరధ్యానంగా ఉన్నప్పుడు పోతుంది, ఎండలోకి రాగానే పిల్లలు ఒక కన్ను మూసుకుంటారు. ఎండకు అలవాటైపోయిన మన ఊళ్లలో ఆ గుర్తును ఎవరూ పట్టించుకోరు. ఆ రకాన్ని గమనిస్తూ, కన్ను బయట ఉండే సమయం పెరుగుతుంటే అప్పుడు ఆపరేషన్ నిర్ణయిస్తారు.

ఆపరేషన్ అంటే కన్ను పీకి బయట పెట్టి సరిచేసి మళ్లీ పెడతారని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అలాంటిదేమీ లేదు. ఒక్కో కనుగుడ్డుకు బయట ఆరు కండరాలు అతుక్కుని ఉంటాయి. లోపలి వైపు కండరం నల్లగుడ్డు అంచుకు సుమారు 5.5 మిల్లీమీటర్ల దూరంలో అతికి ఉంటుంది. లాగుడు ఎక్కువగా ఉన్న కండరాన్ని విడదీసి, కొలిచినన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతారు, లేదా వదులుగా ఉన్నదాన్ని కొంత కత్తిరించి బిగిస్తారు. గుడ్డును తెరవరు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు, కాబట్టి మత్తు డాక్టర్ చెప్పిన గంట నుంచి నీళ్లు కూడా తాగించొద్దంటే తాగించొద్దు. ఏడుస్తోందని చాటుగా పాలు పట్టే అవ్వల వల్ల ఆపరేషన్ వాయిదా పడటం మాకు మామూలే. చాలావరకు అదే రోజు ఇంటికి పంపుతారు. ఎరుపు రెండు, మూడు వారాలు ఉంటుంది, కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. కొలత ఎంత జాగ్రత్తగా తీసినా కొందరికి తక్కువో ఎక్కువో అయి ఇంకోసారి చేయాల్సి వస్తుంది. ఈ మాట ముందే చెప్పే డాక్టర్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. ఒక్కోసారి రెండు కళ్లకూ చేస్తారు, బాగున్న కన్నును ఎందుకు ముట్టుకున్నారని గొడవపడొద్దు. రెండు కళ్ల మధ్య పొత్తును సరిచేయడం కోసం అది.

మీరు కర్నూలులో చూపించుకుంటున్నది సరిపోతుంది, ఈ దశకు హైదరాబాద్ అవసరం నాకు కనపడటం లేదు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్, తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. అనంతపురం వైపు వాళ్లకు పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, 1991 నుంచి అక్కడ డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తున్నారు. ఎక్కడికైనా వెళ్లే ముందు పిల్లల కంటి డాక్టర్ ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కోండి. ఎప్పుడైనా ఆపరేషన్ మాట వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కేసు వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను ముందే అడగండి.

కంటి వ్యాయామాలు, యోగా అంటూ యూట్యూబ్‌లో చూపించేవి ఈ రకం మెల్లకు పనిచేయవు. దగ్గరి చూపులో కళ్లు కలవని వేరే సమస్యకు కొన్ని వ్యాయామాలు పనికొస్తాయి, అంతే. ఇక పసర్లు, ఆముదం, చనుబాలు కంట్లో పోయడం గురించి కటువుగానే చెబుతాను. మెల్ల వచ్చింది కన్ను లోపలి పనుల వల్ల, పైన పోసేది ఏదీ అక్కడికి చేరదు. నల్లగుడ్డు మీద పుండు పడి, తెల్లమచ్చ మిగిలి, ఉన్న చూపు పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

అదృష్టం సంగతి. అత్తగారి నమ్మకంతో వాదించకండి, ఆ నమ్మకం జిల్లాలన్నిటిలో ఉంది. కుడి కన్ను మూస్తే ఎంత కనపడుతుంది, ఎడమ కన్ను మూస్తే ఎంత కనపడుతుంది అని ఆవిడ ఎదుటే పాపతో ఒక ఆట ఆడించండి. దూరంగా నిలబడి వేళ్లు చూపించి లెక్క అడగండి, పాప మాటే ఆవిడ వింటుంది. మీరు రాయలేదు గానీ ఆడపిల్లకు ఈ వయసులో అద్దాలా, రేపు పెళ్లెలా అన్న మాట కూడా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. ప్లస్ పవర్ సాధారణంగా ఏడెనిమిదేళ్ల దాకా ఉండి లేదా కొంచెం పెరిగి, ఆ తర్వాత కొందరిలో తగ్గుతూ వస్తుంది. కొంతమంది పిల్లలు పెద్దయ్యాక అద్దాలు లేకుండానే కళ్లు నిలుపుకుంటారు. మీ పాప వాళ్లలో ఒకరవుతుందని మాట ఇవ్వలేను, ప్లస్ 5 తక్కువ పవరేమీ కాదు. కానీ బడిలో లుకింగ్ లండన్ టాకింగ్ టోక్యో అని ఏడిపించుకునే పిల్లకంటే అద్దాలు పెట్టుకున్న పిల్ల హాయిగా పెరుగుతుంది.

ఇంకో మాట, ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం. 2019 అక్టోబర్‌లో అనంతపురంలోనే ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగు పథకం మొదలైంది, ముందు బడి పిల్లల కళ్లనే పరీక్షించారు. మంచి పనే. కానీ మెల్లకన్నుకు బడి వయసు దాకా ఆగితే విలువైన రెండు, మూడేళ్లు పోయినట్టే. అంగన్‌వాడీకి ఆరోగ్య బృందం వచ్చిన రోజు అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు అక్కడ ఉండి అడగాలి. పుట్టిన మొదటి మూడు నెలల్లో కళ్లు అప్పుడప్పుడు అటూ ఇటూ పోవడం మామూలే. నాలుగో నెల దాటాక కూడా పోతుంటే, లేదా ఏ వయసులోనైనా ఎప్పుడూ అలాగే నిలిచిపోతే చూపించాలి. ఫోటోలో ఒక కంటి పాప తెల్లగా మెరిస్తే ఆ వారంలోనే చూపించాలి. పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్ కొన్నిసార్లు మెల్లకన్నుగానే బయటపడుతుంది, శుక్లం కూడా అంతే. అందుకే మెల్ల ఉన్న ప్రతి బిడ్డకూ మందు వేసి కంటి వెనక భాగం చూడకుండా ఏ మంచి డాక్టరూ పంపరు. మీ పాపకు చూశారా అని చీటీలో చూసుకోండి, రాసి లేకపోతే అడగండి.

మీ ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే వాళ్లకూ పరీక్ష కావాలి. మీ బావగారిది వంశం కాదన్నాను గానీ, పాపది రక్తసంబంధం ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చే రకమే. తోబుట్టువులకు ఒకటి, ఒకటిన్నర ఏడాది వయసులోనే మందు వేసి పవర్ చూస్తారు, అక్షరాలు చదవక్కర్లేదు. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మూరెడు దూరం నుంచి చిన్న టార్చ్ వేస్తే రెండు నల్లపాపల మీద మెరుపు చుక్క ఒకే చోట పడాలి. ముక్కు మొదలు వెడల్పుగా ఉన్న పసిపిల్లలకు మెల్ల ఉన్నట్టు అనిపిస్తుంది గానీ చుక్కలు సరిగ్గానే పడతాయి, అది ఉత్త భ్రమ. చుక్క ఒక కంట్లో పక్కకు పడితే అనుమానించండి. సరిగ్గా పడినా పవర్ లేదని అర్థం కాదు, కాబట్టి పాప రివ్యూకు కర్నూలు బస్సు ఎక్కే రోజే చిన్నవాళ్లనూ వెంట తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న అద్దాలు, ప్యాచ్ ఎన్ని రోజులు ఎంతసేపు వేశారో నిజాయితీగా రాసిన కాగితం పట్టుకెళ్లండి. వేయని రోజులు కూడా రాయండి, వాటిని బట్టే డాక్టర్ సమయం పెంచాలా వద్దా అని చూస్తారు.